టేబుల్ పలక అర్ధరాత్రి ఠప్పుమని పగిలింది, అసలు ఆరిన చెక్క ఎక్కడ దొరుకుతుంది?

బాల్కనీవడ్రంగి
రాసుకునే టేబుల్ ఒకటి చేశాను, ఇది నా మూడో ప్రాజెక్టు. టేకు పలకలు నాలుగు తెచ్చాను, ఒక్కోటి 5 అడుగుల పొడవు, 6 అంగుళాల వెడల్పు, అంగుళం పావు మందం. "రెండేళ్ల సరుకు, బాగా ఆరింది" అన్నాడు అమ్మినాయన, తల ఊపి తెచ్చేసుకున్నాను. చిత్రిక పట్టి, అంచులు కలిపి జిగురు పెట్టి, మూడు వారాంతాలు కూర్చుని పాలిష్ దాకా వెళ్లాను. సరిగ్గా ఐదు వారాలకి రాత్రి ఒంటిగంటకి ఠప్పుమని శబ్దం. ఏదో కింద పడిందేమో అనుకుని లైటు వేస్తే టేబుల్ మధ్యలో నిలువునా చీలిక, రూపాయి బిళ్ల నిలబెడితే దూరిపోతోంది. విచిత్రం ఏంటంటే జిగురు పెట్టిన అతుకులు మూడూ నిక్షేపంగా ఉన్నాయి, పగిలింది పలక.
మీరంతా చెక్క ఎక్కడ, ఎలా కొంటున్నారు? నాలాగా నాలుగు పలకలు అడిగేవాణ్ణి ఎవరూ మనిషిలా చూడట్లేదు. ఏరుకోనివ్వరు, ముట్టుకోనివ్వరు, పైనున్నవి తీసి కట్ట కట్టి ఇచ్చేస్తారు.

సగంస్టూలు
అతుకులు నిలబడ్డాయి కదా, జిగురు బ్రాండ్ చెప్పండి ముందు 😄

చిత్రికపొట్టు
నాకూ ఇదే జరిగింది కానీ పగల్లేదు, అప్పడంలా వంగింది. మొక్కై వంగనిది మానై వంగునా అన్నవాడెవడో పచ్చి పలకతో పని చేసి ఉండడు.

మూలమట్టం
పై పలకని కాళ్ల ఫ్రేముకి ఎలా బిగించావు? కింద అడ్డపట్టీలు వేశావా? జిగురా, స్క్రూలా?

బాల్కనీవడ్రంగి
వంగకూడదని కింద రెండు అడ్డపట్టీలు వేశాను. జిగురూ పెట్టాను, స్క్రూలూ వేశాను, ఒక్కో పట్టీకి ఎనిమిది. గట్టిగా ఉండాలని.

మూలమట్టం
అదిగో, దొరికింది. చెక్క పచ్చిదే అయ్యుండొచ్చు, కాదనను, కానీ దాన్ని పగలగొట్టింది నీ పదహారు స్క్రూలు.
తేమ మారితే చెక్క పొడవునా దాదాపు కదలదు. వెడల్పున కదులుతుంది, అంటే ముడుచుకుంటుంది, ఉబ్బుతుంది. టేకు మిగతా వాటితో పోలిస్తే బుద్ధిమంతురాలే, అయినా లెక్క చూడు. 18 శాతం తేమతో వచ్చిన పలక నీ గదిలో 11 శాతానికి దిగిందనుకో. అడ్డకోత పలక అయితే 600 మిల్లీమీటర్ల వెడల్పు మీద సుమారు ఏడెనిమిది మిల్లీమీటర్లు తగ్గుతుంది. కింద అడ్డపట్టీ పొడవు మాత్రం ఆ వెడల్పు మీదుగా ఉంది కాబట్టి అది తగ్గదు. పైది ముడుచుకుంటానంటుంది, కిందది వదలనంటుంది, ఇద్దరి మధ్యా ఎక్కడ బలం తక్కువుంటే అక్కడ చీలుతుంది. మంచి జిగురు అతుకు చెక్క కంటే గట్టిగా ఉంటుంది కనుక చీలింది చెక్కే. ఆశ్చర్యం ఏమీ లేదు.
పట్టీకి మధ్య స్క్రూ ఒక్కటి బిగువుగా వేసి, మిగతా వాటి రంధ్రాలు కోలగా తొలిచి వాషర్ వేసి బిగించాలి. జిగురు అసలు పెట్టకూడదు. పట్టీ వంపు ఆపుతుంది, పలక తన దారిన అది కదులుతుంది.

ఉలిమామ
మూలమట్టం గారు చెప్పింది నిజమే కానీ అమ్మినాయన్ని మరీ తేలిగ్గా వదిలేశారు. పలక ఐదు వారాల్లో బిళ్ల దూరేంత చీలిందంటే అది ఆరిన చెక్క కానే కాదు. బాబూ, నువ్వు వెళ్లి ఒక్కటే అడుగు. రెండేళ్లు అంటే దుంగ పడి రెండేళ్లా, పలక కోసి రెండేళ్లా అని. నేను ఇరవై ఏళ్లుగా ఇదే చూస్తున్నా. బెరడుతో ఉన్న దుంగ రెండేళ్లు కాదు నాలుగేళ్లు పడున్నా నడిమి చెక్క పచ్చిగానే ఉంటుంది, చివర నాలుగు వేళ్ల మేర తప్ప ఆరదు. ఆరడం మొదలయ్యేది పలకగా కోసి, మధ్యమధ్యలో సన్న పుల్లలు పెట్టి, నీడన గాలాడేలా పేర్చిన రోజు నుంచి. అప్పట్నుంచి అంగుళం మందానికి ఏడాది అనేది పాత లెక్క. మందం రెండింతలైతే ఇంకా ఎక్కువే పడుతుంది.

బాల్కనీవడ్రంగి
అడిగాను. "దుంగలు వచ్చి రెండేళ్లు, కోసింది మీరు రావడానికి నెల ముందు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, నేను అడగాల్సింది అడగలేదు 🤦

సగంస్టూలు
ఉలిమామ ఒక్క ప్రశ్నతో కేసు కొట్టేశాడు.

కొత్తచెయ్యి
అడ్డకోత అంటే ఏంటండీ? పలకలన్నీ ఒకేలా కోయరా?

ఉలిమామ
పలక చివర చూడు, ముఖం కాదు. చివర వలయాలు కనపడతాయి. అవి ముఖానికి ఇంచుమించు సమాంతరంగా, నవ్వుతున్న మూతిలా వంపుగా ఉంటే అది అడ్డకోత. నిలువు గీతల్లా ఉంటే నిలువుకోత. నిలువుకోత పలక వెడల్పున కదిలేది అడ్డకోతలో దాదాపు సగమే, వంగడమూ తక్కువ. కాకపోతే అలా కోస్తే దుంగలో వృథా ఎక్కువ కాబట్టి ఎవరూ ప్రత్యేకంగా కోయరు. కానీ ప్రతి దుంగలోనూ నడిమి వైపు వచ్చే ఒకటి రెండు పలకలు వాటంతటవే నిలువుకోత అవుతాయి. గుట్టలోంచి అవి ఏరుకోవాలి. చెట్టు నడిబొడ్డు చుక్క పలకలోనే ఉంటే మాత్రం అది వద్దు, ఈరోజు కాకపోతే రేపు అక్కడే చీలుతుంది.

చిత్రికపొట్టు
ఏరుకోనిస్తే కదా మామా ఏరుకునేది.

పాతతలుపు
ఏరుకోనివ్వకపోవడానికి వాళ్ల కారణం వాళ్లకుంది. బాల్కనీవడ్రంగి కొన్న నాలుగు పలకలూ కలిపితే ఎంత? లెక్కేశాను, ఒక్క ఘనపుటడుగు, ఆ పైన చిటికెడు. ఇంటి తలుపులూ కిటికీలూ మొత్తం కొనేవాడు పక్కన నిలబడి ఉంటే మనకోసం గుట్ట దింపుతాడా? నేను చేసేది ఏంటంటే పనిరోజు మధ్యాహ్నం, రద్దీ లేనప్పుడు వెళ్తాను. ముందే చెప్తాను, గుట్ట నేనే దింపుకుంటా, నేనే మళ్లీ పేరుస్తా అని. పేర్చి చూపించాక రెండోసారి నుంచి ఎవరూ అడ్డం చెప్పలేదు. పొట్టి ముక్కలు అడుగుతాను, మూడడుగుల లోపువి. తలుపుల వాళ్లకి అవి పనికిరావు, మన స్టూళ్లకీ పెట్టెలకీ అవే బంగారం.
ఇంకోటి. బిల్లులో ఉండేది కోత కొలత. అంగుళం పావు అని కొన్నది వంకర తీసి రెండు వైపులా చిత్రిక పట్టేసరికి ముప్పాతిక అంగుళం మిగిలితే గొప్ప. ఆ లెక్క వేసుకుని కొనండి, తర్వాత నెత్తీనోరూ బాదుకోవద్దు.

నిద్రలేనిరంపం
టేకు టేకు అని అందరూ ఎందుకు చస్తారో నాకర్థం కాదు. వేప, తుమ్మ, మామిడి, పనస ఇవన్నీ చెక్కలు కావా? నా వర్క్‌బెంచ్ మొత్తం తుమ్మ. ఆరేదాకా ఆగితే ఇనుములా ఉంటుంది, ఆగకపోతే పాములా మెలితిరుగుతుంది, అంతే తేడా.

మూలమట్టం
తుమ్మకి చేత్తో చిత్రిక పట్టావా మెషీనా?

నిద్రలేనిరంపం
చేత్తోనే. ఆ నెల నా భుజాలు ఎలా ఉండేవో అడక్కండి. పది లాగుళ్లకోసారి సాన పట్టాలి. టేకులో కూడా ఇసుక గుణం ఉంటుంది కదా, సిలికా, అదీ పదును తినేస్తుంది, చూడ్డానికి మెత్తగా ఉంటుంది అంతే.

బాల్కనీవడ్రంగి
ఇంకో డౌటు. పగిలిన పలకలోంచి చిత్రిక పట్టకముందు తీసిన ముక్క ఒకటి ఉంటే కోసి చూశాను. పై ముఖం అంతా ఒకే తేనె రంగులో ఉంది కానీ, కోత ముఖంలో మూడో వంతు తెల్లగా పాలిపోయి ఉంది. ఇదేంటి?

ఉలిమామ
రంగు పూశారు. ఆ తెల్లది చేవ (నడిమి ముదురు చెక్క) కాదు, బెరడు కిందుండే పైచెక్క. తక్కువ వయసు చెట్టులో అదే ఎక్కువ ఉంటుంది. ఏ జాతి అయినా సరే, పైచెక్క పురుగుకి విందు భోజనం. టేకుకి ఉన్న పేరంతా దాని చేవకే, తెల్లచెక్కకి ఆ మన్నిక రాదు. రంగో, కాస్త నూనె కలిపిన మరకో రాస్తే పైకి తెలియదు. అందుకే కొనేముందు చిన్న చాకుతో ఒక మూల పేడు లేపి చూడు, లేదా చివర రెండు వేళ్లు కోయించి చూడు. కోసిన చోట టేకు వాసన తోలు వాసనలా వస్తుంది, వేలితో రుద్దితే కొంచెం జిడ్డుగా తగులుతుంది. ఆ జిడ్డు వల్లే జిగురు పెట్టేముందు అసిటోన్‌తో తుడిచేది.

సగంస్టూలు
పురుగు అనగానే నా కథ గుర్తొచ్చింది. మామిడి చెక్కతో స్టూలు చేశా, ఎవరో ఇచ్చారు, ఉచితం కదా అని సంబరపడ్డా. ఎనిమిది నెలల తర్వాత రోజూ పొద్దున స్టూలు కింద టాల్కం పౌడర్ ఒలికినట్టు తెల్లటి కుప్ప, చిటికెడంత. తుడుస్తాం, మర్నాడు మళ్లీ అంతే. ఇంట్లో ఒకరి మీద ఒకరం అనుమానపడ్డాం, ఎవరు పౌడర్ వాడి తుడవట్లేదని. ఒకరోజు స్టూలు తలకిందులు చేస్తే గుండుసూది తల అంత రంధ్రాలు, లెక్కపెడితే నలభై మూడు. గోరుతో నొక్కితే కాలు గుల్ల, లోపలంతా మెత్తని పొడి. అప్పట్నుంచే ఈ హ్యాండిల్. మిగిలింది సగం స్టూలే.

మూలమట్టం
😂 పేరు వెనక ఇంత విషాదం ఉందా.
పౌడర్ అంత మెత్తగా ఉందంటే అది లిక్టస్ రకం పురుగు. పైచెక్కలోని పిండిపదార్థం కోసం వస్తుంది. వెడల్పాటి ఆకులుండే జాతుల చెక్కలో సహజంగా ఉండే సన్న రంధ్రాలు పెద్దవి, వాటిలో గుడ్లు పెడుతుంది. పాలిష్ కొట్టి రంధ్రాలు మూసేసిన చెక్కలో గుడ్లు పెట్టలేదు, అప్పటికే లోపల ఉన్నవి మాత్రం బయటికి వస్తాయి. పచ్చి చెక్క మీదే బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పూయడం మంచి ఉపాయం, తడి ఉన్నప్పుడే లోపలికి ఇంకుతుంది. పాలిష్ పైన పూస్తే పైనే కారిపోతుంది.

కొత్తచెయ్యి
ప్యాలెట్ (సరుకు కింద వేసే చట్రం) చెక్క వాడొచ్చా? మా ఆఫీసు వెనక పడేస్తుంటారు.

నిద్రలేనిరంపం
వాడు. ముద్ర చూసుకుని వాడు. హెచ్‌టీ అని ఉంటే వేడి పెట్టింది, చెక్క లోపలి దాకా 56 డిగ్రీల్లో కనీసం 30 నిమిషాలు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రొమైడ్ అనే విషవాయువు పట్టించింది, దాన్ని ఇంట్లోకి తేవద్దు. ముద్రే లేకపోతే దాని మీద ఏమేం ఒలికాయో దేవుడికే తెలియాలి.

పాతతలుపు
హెచ్‌టీ అంటే పురుగు చచ్చిందని, చెక్క ఆరిందని కాదు. ఇది చాలామంది పొరపాటు. అరగంట వేడికి తేమ పోదు.
నా మటుకు నాకు ప్యాలెట్ కంటే కూల్చిన ఇళ్ల చెక్క మేలు. పాత తలుపులు, దూలాలు. ముప్పై నలభై ఏళ్లు గాలికి ఆరి ఉంటాయి, అంతకంటే సీజనింగ్ ఎవరు చేస్తారు? గ్రెయిన్ (చెక్కలోని గీతలు) కూడా దట్టం, ఈకాలం చెట్టులో దొరకదు.

చిత్రికపొట్టు
పాతతలుపు గారూ మేకుల సంగతి చెప్పరేం? పాత దూలంలో తల విరిగిపోయిన మేకు ఒకటి లోపల దాక్కుని ఉంది. పైకి మచ్చలా కూడా లేదు. ప్లేనర్‌లో (చిత్రిక పట్టే మెషీన్) పెట్టాను, నిప్పురవ్వలు వచ్చాయి, బ్లేడు మూడూ పోయాయి. మీ సీజనింగ్ నా బ్లేళ్ల పాలిట శని.

పాతతలుపు
అయస్కాంతం తిప్పకుండా ప్లేనర్‌లో పెట్టిన చెయ్యి ఎవరిది మరి? తాడుకి కట్టిన బలమైన అయస్కాంతం పలక మీద మెల్లగా లాగితే మేకున్న చోట ఆగుతుంది. నల్లటి మచ్చ కనపడితే అది ఇనుము తుప్పు మరక, తవ్వి చూడాల్సిందే.
మేకు కన్నా అసలు భయం పాత పెయింటు. పాతకాలం రంగుల్లో సీసం ఉండేది. పొడిగా ఇసుక కాగితం పట్టి రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. తడిపి గీకండి, గీకిన చెత్త విడిగా మూటగట్టండి, మంచి మాస్క్ వేసుకోండి.

కొత్తచెయ్యి
తేమ కొలిచే మీటర్ కొంటే ఈ బాధలన్నీ పోవా?

ఉలిమామ
మీటర్ లేకుండానే మా తరం బతికింది. పలక ఎత్తి చూస్తే తెలుస్తుంది, చెంపకి ఆనిస్తే తెలుస్తుంది, పచ్చిది చల్లగా ఉంటుంది.

మూలమట్టం
మామా మీ చెంప అందరికీ ఉండదు కదా. మీటర్ కొను తమ్ముడూ, కానీ దాన్ని పలక పైముఖం మీద గుచ్చి అంకె చూసి మురిసిపోకు. పైన ఆరిపోయి లోపల తడి ఉంటుంది. చివర నుంచి ఓ అడుగు లోపలికి కోయించి, తాజా కోత ముఖం నడిమధ్యలో గుచ్చాలి. రెండు సూదుల మీటర్ అయితే అంకెని చెక్క జాతిని బట్టి దిద్దుకోవాలి కూడా.
అసలు నమ్మకమైన పద్ధతి వేరే ఉంది. చిన్న ముక్క కోసి తూచు. ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర పెట్టి, బరువు ఇంక తగ్గనంత వరకూ ఆరబెట్టి మళ్లీ తూచు. తగ్గిన బరువుని ఎండు బరువుతో భాగించి వందతో గుణించు. 236 గ్రాములది 200 దగ్గర ఆగిపోతే 36ని 200తో భాగిస్తే 18 శాతం.

చిత్రికపొట్టు
ఇంట్లో ఓవెన్‌లో చెక్క పెడితే తర్వాత బయట బాల్కనీలో పడుకోవాల్సి వస్తుంది. అప్పుడు నేనే నిజమైన బాల్కనీవడ్రంగిని.

కొత్తచెయ్యి
ఎక్కడో 120 శాతం తేమ అని చదివాను, అచ్చుతప్పేనా? వంద దాటడం ఏంటి?

మూలమట్టం
తప్పు కాదు. భాగించేది ఎండు బరువుతో కదా, కొన్ని మెత్తటి జాతుల పచ్చి చెక్కలో చెక్క కంటే నీళ్లే బరువు ఎక్కువ. సుమారు 30 శాతం దగ్గరికి దిగేదాకా కణాల ఖాళీల్లోని నీళ్లే పోతాయి, చెక్క సైజు మారదు. ఆ తర్వాత కణాల గోడల్లోంచి పోవడం మొదలవుతుంది, అక్కణ్ణుంచే ముడుచుకోవడం. అందుకే పచ్చి పలక మొదటి నెలంతా బుద్ధిగా కనపడి, మనం టేబుల్ చేశాక అసలు రూపం చూపిస్తుంది.

నిద్రలేనిరంపం
కిల్న్‌లో (చెక్క ఆరబెట్టే వేడి గది) ఆరబెట్టింది కొంటే సరిపోతుందని ఎవరైనా అనబోతుంటే ఆగండి. తొందరగా కాల్చినట్టు ఆరబెట్టిన పలక నాకు ఒకటి తగిలింది. మీటర్ 9 చూపించింది. నిలువునా కోస్తుంటే రంపం వెనకాల పలక రెండు పెదాలూ మూసుకుని బ్లేడుని పట్టేసింది, మెషీన్ నా మీదికి తన్నింది. పైపొర ముందే బిగుసుకుపోయి లోపలి పొర తర్వాత ముడుచుకుంటే చెక్కలో బిగువు మిగిలిపోతుందట. మంచి కిల్న్ వాళ్లు చివర్లో ఆవిరి పట్టి ఆ బిగువు విడిపిస్తారు. పైగా 9 శాతానికి ఆరబెట్టిన దాన్ని వర్షాకాలం రేకుల షెడ్డులో మూణ్ణెల్లు పెడితే అది మళ్లీ గాలిలోని తేమ తాగి ఎక్కడికో పోతుంది. కిల్న్ అనేది ముద్ర కాదు.

సగంస్టూలు
ఇదంతా చదివాక ప్లైవుడ్ ఎందుకు కనిపెట్టారో అర్థమైంది.

ఉలిమామ
ప్లైవుడ్‌తో చేసేది అసెంబ్లీ, వడ్రంగం కాదు.

మూలమట్టం
అది మరీ అన్యాయం మామా. అల్మరా వెనక పలకకి, డ్రాయర్ అడుక్కి ప్లైవుడ్ కంటే బుద్ధిమంతుడు లేడు. పొర మార్చి పొర అడ్డంగా అతికిస్తారు కాబట్టి దాదాపు ఎటూ కదలదు. కదలాల్సిన చోట చెక్క, కదలకూడని చోట ప్లై, నేను చేసేది అదే.

చిత్రికపొట్టు
జిట్రేగి (రోజ్‌వుడ్) దుంగ ముక్క ఒకటి పాత సామాన్లలో దొరికింది. నగల పెట్టె చేసి విదేశంలో ఉన్న చెల్లికి పంపుదామని.

పాతతలుపు
పెట్టె చెయ్యి, పంపేముందు ఆగు. జిట్రేగి వచ్చే డాల్బెర్జియా ప్రజాతి దాదాపు మొత్తం, 2017 జనవరి 2 నుంచి సైటిస్ రెండో జాబితాలో ఉంది, అంటే ముప్పున్న మొక్కలూ జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం. దేశం దాటించాలంటే అనుమతి అవసరం పడొచ్చు, బరువుని బట్టి మినహాయింపులు ఉంటాయి, కనుక్కో. మంచి చెక్క దొరకట్లేదని ఏడుస్తున్నాం కదా, అది ఇంతవరకూ ఎందుకొచ్చిందో ఆ జాబితా చూస్తే తెలుస్తుంది.

చిత్రికపొట్టు
చెల్లినే ఇక్కడికి రమ్మంటా, చూసి వెళ్తుంది.

బాల్కనీవడ్రంగి
అప్‌డేట్. పై పలక విప్పేశాను. అడ్డపట్టీల జిగురు ఊడక రంపంతో కోసి, ఉలితో గీకాల్సి వచ్చింది, రెండు ఆదివారాలు పోయాయి. అతుకుల దగ్గర నిలువునా కోసి నాలుగు పలకలు మళ్లీ విడదీశాను. మంచం కింద ఒకే మందం పుల్లలు పెట్టి, పుల్ల మీద పుల్ల వరసగా వచ్చేలా పేర్చి, పైన పాత పుస్తకాల అట్టపెట్టెలు బరువు పెట్టాను. పగిలింది కాకుండా మంచిదొకటి ఎంచుకుని, లగేజీ తూచే వేలాడే కాటాతో వారం వారం తూచి పలక చివరే పెన్సిల్‌తో రాస్తున్నాను. 5,040. 4,990. 4,960. తర్వాత వారం వాన పడింది, 4,970. పది గ్రాములు పెరిగింది. నాకు ఎందుకో ఒళ్లు జలదరించింది, మంచం కింద ఏదో ఊపిరి తీస్తున్నట్టు అనిపించింది.

ఉలిమామ
ఇప్పుడు వడ్రంగివి అయ్యావు.

మూలమట్టం
అంకె మూడు నాలుగు వారాలు అటూ ఇటూ ఊగుతూ ఒకే చోట తిరుగుతుంటే ఆ గదికి అలవాటు పడినట్టే. అప్పుడు మళ్లీ అంచులు చిత్రిక పట్టు. మందం ఎంత మిగులుతుంది?

బాల్కనీవడ్రంగి
కొంచెం వంగాయి. ముప్పాతిక అంగుళం వస్తుందేమో. పాతతలుపు గారి లెక్కే. పలకల చివర్లకి మైనం పూయాలా అని అడుగుదామనుకుంటున్నా.

ఉలిమామ
అది పచ్చివాటికి, కోసిన రోజే పూయాలి, చివర్లు తొందరగా ఆరి చీలకుండా. నీవి ఆ వయసు దాటేశాయి, అలా వదిలెయ్.

సగంస్టూలు
పౌడర్ ఏమైనా కనపడుతోందా మంచం కింద?

బాల్కనీవడ్రంగి
ఇప్పుడే టార్చ్ తీసుకుని చూసొచ్చాను. దుమ్ము ఉంది. అది మా ఇంటి మామూలు దుమ్మో కాదో తెలియట్లేదు, రేపు తుడిచి ఎల్లుండి మళ్లీ చూస్తా.